ఊదే నోరు, తిప్పే చేయి

ఇరవై ఆరేళ్లు మగ్గం ముందు నిలబడిన నోటికి ఊదడం నేర్పడానికి ఒక ఎండాకాలం మొత్తం పట్టింది. ఇప్పటికైనా పూర్తిగా వచ్చిందా అంటే ఒట్టు వేసి చెప్పలేను. నా నోటి సంగతి నాకు తెలుసు.

ఆ ఏడు ఉగాదికి నాలుగు రోజుల ముందు మా షెడ్డు మూసేశారు. సేఠ్ మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, తలా ఒక దూద్‌పేడా చేతిలో పెట్టి, టెర్రీ తువ్వాళ్లకు గిరాకీ లేదనీ, మగ్గాలు తుక్కుకు ఇచ్చేస్తున్నాననీ చెప్పాడు. నోట్లో పేడా ఉండగా మనిషి తిట్టలేడు. సేఠ్ తెలివైనవాడు.

ఇంటికి వచ్చి గోదావరికి చెప్పాను. గోదావరి నా భార్య. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. విన్నది గానీ చేతులు ఆపలేదు. ఆమె చేతులు దేనికీ ఆగవు. మా పెళ్లి పీటల మీద తప్ప ఆ వేళ్లు ఊరికే ఉండగా నేను చూసింది లేదు.

"మరి?" అన్నది.

"మా చిన్నాయిన కొడుకు భివండీల ఉన్నడు గద. జూన్‌ల రమ్మన్నడు. కార్ఖానల జాగ పట్టి పెడ్తనన్నడు."

అప్పుడు ఆగాయి వేళ్లు.

"మా నాయిన గిట్లనే సూరత్ పోయిండు," అన్నది. "ఏడాదికి రెండు మాట్ల వస్తుండె. ఆయన మొఖం నాకు సరిగ యాదికి లేదు. ఆయన సంచి యాదికున్నది. పచ్చ సంచి. జిప్పు ఖరాబైతే సుతిలి కట్టిండు."

మళ్లీ ఆకు తీసి తంబాకు పోసింది. నాకు కోపం వచ్చింది. ఎదుటివాళ్ల మాట నిజమైతే నాకు కోపం వస్తుంది, అది నా గుణం. సాయంత్రం బజారుకు పోయి కావాలనే ఒక సంచి కొనుక్కొచ్చాను. నల్లది. జిప్పు గట్టిది చూసి మరీ తెచ్చాను. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న మా బిడ్డ శ్రావణి దాన్ని చూసి, ఎక్కడికి నాయినా అని కూడా అడగలేదు.

ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో మా వాడా, అంటే లోగిలి, పాతది. ముందు రెండు గదులు మావి, నడుమ నల్లా, వెనక గది పెంటప్ప కాకది. పద్మశాలీల ఇంట పుట్టి మగ్గం ఎక్కని మనిషి ఆయన. ముప్పై ఎనిమిదేళ్లు పుణేలో కాలేజీ ప్రయోగశాలలకు గాజు బుడ్లు, వంకర గొట్టాలు చేశాడు. పని మానేసి వచ్చినప్పుడు తన బర్నర్ కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడు కంట్లో పువ్వు, ఎడమ చేతికి వణుకు. సాంగ్లీలో ఉన్న బిడ్డ, మిరుగు నాడు వచ్చి తీసుకుపోతానని కబురు పెట్టింది. మిరుగు అంటే మృగశిర కార్తె వచ్చే రోజు. వానలకు ముందు మాట.

నల్లా దగ్గర నేను బకెట్ పట్టుకుని నిలబడి ఉంటే ఆయన పిలిచాడు.

"అంబాదాసు, ఇట్రా."

లోపల ఒక బల్ల, బల్ల మీద ఇత్తడి బర్నర్, కింద రెండు సిలిండర్లు, ఒకటి వంట గ్యాసుది, ఒకటి ఆక్సిజన్‌ది. గోడకు గాజు గొట్టాలు ఆనించి ఉన్నాయి. అలమారలో ఒకే ఒక్క గ్లాసు. సన్నని కాడ మీద నిలబడిన గ్లాసు, పెద్ద హోటళ్లలో షరబత్ పోసి ఇస్తారే, అలాంటిది. మా వాడాలో దాన్ని కాడగిలాస అనేవాళ్లం.

"పుణేల ప్రథమేశ్ అని ఒక పిల్లగాడు ఉన్నడు. హోటళ్లకు గిలాసలు ఇచ్చే దందా వానిది. మిరుగు నాడు టెంపో తీస్కొని వచ్చి ఈ బర్నర్ పట్కపోతనన్నడు," అన్నాడు కాక. "నేను ఒక్క షర్త్ పెట్టిన. అప్పటి దాక నా తాన ఎవలన్న నేర్చి, ఒక్క తీరు ఆరు కాడగిలాసలు చేసి చూపిస్తే బర్నర్ ఈడనే ఉంటది. వాని పని ఈడికే పంపాలె. కాకుంటే తీస్కపో అన్న."

"ఆరే ఎందుకు కాక?"

"ఒక్కటి ఎవడైన చేస్తడు, కిస్మత్. రెండు చేస్తే ఇంకింత కిస్మత్. ఆరు ఒక్క తీరు వచ్చినయంటే అది కిస్మత్ గాదు, చేతి పని." నా మొహం కేసి చూశాడు. "నువ్వు భివండీ పోతున్నవట. నీ పెండ్లాం నల్లా కాడ ఏడ్చింది. నాకు చెప్పలే. నీళ్లు వట్టుకుంట ఏడ్చింది, నేను విన్న."

నా దగ్గర గోదావరి ఏడవలేదు. ఆ మాట విన్నాక వద్దనడానికి నాకు నోరు రాలేదు.

*

మరునాడు పొద్దున్నే కూర్చోబెట్టాడు. చేతిలో గాజు గొట్టం. దాని ఒక కొస మూసి, పట్టుకోవడానికి సన్నని పిడిలా సాగదీసి ఉంది. రెండో కొసకు బిరడా, బిరడాకు రబ్బరు గొట్టం, ఆ రబ్బరు గొట్టం కొస నా పళ్ల మధ్య. గాజును రెండు చేతులతో మంటలో తిప్పుతూ ఉండాలి. పాకంలా మెత్తబడ్డాక మంట బయటికి తీసి మెల్లగా ఊదాలి. ఊదితే ఉబ్బి గిన్నె అవుతుంది. గిన్నె కింద గాజు కడ్డీ అతికి సాగదీస్తే కాడ. కాడ కింద ముద్ద పెట్టి చదును చేస్తే పీట. వింటే ఇంతే.

కాక నా కళ్లకు గులాబీ రంగు అద్దాలు పెట్టాడు. అవి పెట్టుకుంటే గాజు నుంచి లేచే పసుపు వెలుగు కనిపించదు, గాజు ఒక్కటే కనిపిస్తుంది. మెత్తబడింది, చూశాను.

"ఇగ తియ్. ఊదు."

నేను గుంజాను.

పవర్‌లూమ్ మీద పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్తాను. ధోటాలో, అంటే నాడెలో, దారం అయిపోతే కొత్త కండె పెట్టి, దాని కొసను ధోటాకున్న చిన్న కన్నంలోంచి బయటికి తేవాలి. సూదితో తీసే తీరిక ఎవరికుంది? కన్నానికి పెదవులు ఆనించి ఒక్క గుంజు గుంజితే దారం నోట్లోకి వస్తుంది. నాలుగు మగ్గాలు, రోజుకు కొన్ని వందల గుంజుళ్లు. పెదవులకు ఏది తగిలినా పీల్చడమే నా నోటికి తెలిసిన విద్య. చాయ్ కూడా చప్పుడు చేసి తాగుతానని గోదావరి వంక పెడుతుంది.

మెత్తని గాజు లోపలికి ముడుచుకుపోయి రెండు గోడలూ అతుక్కున్నాయి.

"ఊదురా అంటే గుంజుతవేంది!" కాక బర్నర్ తగ్గించి అరిచాడు. "వేడి గాలి గుండెలకు పోతే సస్తవ్!"

మొదటి రోజు పదకొండు గొట్టాలు పట్టాను, ఏడు గుంజాను. కాక వాటిని పారేయకుండా కిటికీలో వరసగా పెట్టాడు. చాయ్ ఇవ్వడానికి వచ్చిన శ్రావణి వంగి చూసింది.

"ఇవేంది తాతా, ఎండు మిరపకాయలా?"

"కాదు బిడ్డా. మీ నాయిన."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గ్లాసులు అక్కడే పెట్టి పరుగెత్తింది. మరునాడు మాత్రం తన డబ్బులతో బుడగల పొట్లం కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. "ఊదు నాయినా. ప్రాక్టీస్." ఊదాను. వారం రోజులు వాడా నిండా బుడగలే. ఎదురింటి గంగుబాయి పుట్టినరోజు ఎవరిదని అడిగింది. నాదే అన్నాను.

హనుమాన్ జయంతి నాటికి నోరు కొంచెం దారికొచ్చింది. పదిసార్లు ఊదితే రెండుసార్లే గుంజేవాణ్ని. అయితే అప్పుడు చేతులు మొదలుపెట్టాయి. గాజు నడుమ మెత్తబడితే రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. నా కుడిచేయి ముందుకు ఉరుకుతుంది, ఎడమది వెనకపడుతుంది, గాజు పిండిన తువ్వాలులా మెలిపడుతుంది.

కాక విసుగుపడి రెండు ఖాళీ కండెలు తీసుకుని, వాటి మధ్య తువ్వాలు పీలిక ఒకటి వేలాడేలా కట్టి నా చేతికిచ్చాడు. "గుడ్డ మెలివడొద్దు. రెండు కండెలు ఒక్క తీరు తిరగాలె. ఇంటికి తీస్కపో. పండేటప్పుడు గూడ తిప్పు."

వాకిట్లో కూర్చుని తిప్పాను. మెలిపడింది. విప్పి తిప్పాను, మళ్లీ అదే. ఎదురుగా గోదావరి, గంగుబాయి బీడీలు చుడుతూ మాట్లాడుకుంటున్నారు. గంగుబాయి వాళ్లకు ఊరి బయట, బీడీ కార్మికుల కుంభారీ కాలనీలో ఇల్లు వచ్చింది, పోవాలా వద్దా అని ఆమె బాధ.

"ఇల్లు మంచిగనే ఉన్నది గోదావరీ, ఖరే. గని పొద్దుగాల బస్సుల నిలవడ జాగ ఉండదు. ఈ ఆకు మూట వట్కొని ఎట్ల ఎక్కాలె చెప్పు."

నేను ఒక తిట్టు తిట్టి కండెలు నేలకేసి కొట్టాను. గోదావరి గంగుబాయి కేసే చూస్తూ, "స్కూటీ నేర్చుకో అక్కా," అంటూ వంగి వాటిని తీసింది. రెండు కండెలూ రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య పట్టుకుంది. తిప్పింది. అటు ఇరవై, ఇటు ఇరవై. తువ్వాలు పీలిక తిరుగుతోంది గానీ ఒక్క ముడత లేదు. స్కూటీ మీద మూట ఎక్కడ కట్టాలో చెప్తూనే ఉంది. ఆమె తన వేళ్లను చూడనే లేదు.

తలెత్తి చూస్తే నల్లా పక్కన పెంటప్ప కాక, చేతిలో చెంబు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"కోడలా," అన్నాడు. "ఒక్కసారి అచ్చి ఆడ కూసుంటవా?"

"ఆమె కూసుంటే బీడీలు ఎవలు చుడ్తరు?" అన్నాను నేను. గట్టిగానే అన్నాను. "పిలిచింది నన్ను గద కాక."

గోదావరి కండెలు నా ఒళ్లో పెట్టి చాట దగ్గరికి జరుపుకుంది. ఆ రోజు అంతకన్నా ఏమీ జరగలేదు. నేను మాత్రం అన్నం సరిగ్గా తినలేదు. ఇరవై ఆరేళ్లు యంత్రంతో నేసినవాణ్ని, నా పెళ్లాం వేళ్ల ముందు ఓడిపోయానని మండిపోతున్నాను.

*

ఏప్రిల్ చివర్లో మగ్గాలు పగలగొడుతున్నారని తెలిసి షెడ్డుకు పోయాను. పోకుండా ఉండాల్సింది. పోత ఇనుము కదా, కోయనక్కర్లేదు, సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే పెళ్లలుగా ఊడిపోతుంది. నావి పదిహేడు నుంచి ఇరవై నంబర్లు. పందొమ్మిదోది ఎప్పుడూ పోగు తెంపేది, దాన్ని నేను తిట్టని రోజు లేదు. దాన్ని కొడుతున్నప్పుడు ఇంక చూడలేకపోయాను. ఒక ధోటా అడిగి తీసుకుని వచ్చేశాను.

వాకిట్లో చాట ఉంది, మనిషి లేదు. తడిపిన తునికాకు కట్ట గోనెపట్టాలో అలాగే ఉంది. వెనక గదిలోంచి బర్నర్ బుస వినిపిస్తోంది.

కిటికీలోంచి చూశాను. నా ఎండు మిరపకాయల వరస వెనక గోదావరి కూర్చుని ఉంది. కొంగు నడుముకు దోపుకుంది, గులాబీ అద్దాలు పెట్టుకుంది. నేను లేనప్పుడు ఎన్ని రోజుల నుంచి కూర్చుంటోందో. ఒక చేతిలో గాజు గిన్నె, ఒక చేతిలో కడ్డీ. రెండూ కలిసేచోట ఎర్రని ముద్ద. తిప్పుతోంది, తిప్పుతూనే మెల్లగా దూరం జరుపుతోంది. ముద్ద సాగి కాడ అవుతోంది. వేలెడు పొడవు, దారం పట్టి గీసినట్టు నిటారుగా. పెంటప్ప కాక ఏమీ చెప్పడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మగ్గం పోయినందుకా, నా కుర్చీలో ఆమె కూర్చున్నందుకా అంటే, దాచడమెందుకు, కుర్చీకే. ఆ కాడ అంత బాగుంది. నలభై రోజులు కూర్చున్నా నాకు అలాంటిది ఒక్కటి రాలేదు. ఇంకెన్నాళ్లు కూర్చున్నా రాదని అక్కడ నిలబడి తెలుసుకున్నాను.

లోపలికి పోలేదు. వాకిట్లోకి వచ్చి ధోటా గూట్లో పెట్టి, గోనెపట్టా విప్పి కూర్చున్నాను. ఆకు మీద రేకు ముక్క ఆనించి, దాని అంచు వెంట కత్తెరతో కత్తిరించాలి. గోదావరి ఆ పని మాటల్లో పడి కూడా చేస్తుంది. నాకు పది ఆకులకే బొటనవేలు వాచింది. అయినా కట్ట సగమయ్యేదాకా లేవలేదు.

ఆమె వచ్చి చూసింది. నుదుటి మీద చెమట, కళ్ల చుట్టూ అద్దాల అచ్చు.

"ఆకు ఎవలు కత్తిరించిన్రు?"

"పిల్లి."

ఒక ఆకు తీసి వెలుగుకు పట్టి చూసింది. "పిల్లికి మూలలు కత్తిరియ్యరాదు. చూడు, అన్ని వంకర." చాట ఒళ్లోకి లాక్కుంది. కాసేపటికి, "రేపు గూడ రమ్మను పిల్లిని," అన్నది.

*

కాడ వచ్చింది, పీట వచ్చింది. గిన్నె దగ్గర గోదావరి ఆగిపోయింది. గిన్నెకు ఊపిరి కావాలి, సన్నగా, తెగకుండా, పది లెక్కపెట్టేదాకా. ఇరవై ఏళ్ల తంబాకు దుమ్ము పీల్చిన గుండె ఆమెది. నాలుగు లెక్కపెట్టేసరికి దగ్గు తన్నుకొస్తుంది. దగ్గితే గిన్నె ఒక పక్కకు బుగ్గలా పొంగి పగిలిపోతుంది. కాకే ఊదొచ్చు కదా అన్నాను.

"నేను ఊదుడు పెద్ద పనా? ఊది సాంగ్లీ పోత. ఎన్కసిరి మీ ఇంట్ల ఊదేటోడు ఎవడు?" అని నా వైపు చూశాడు. "బుడగలు బగ్గ ఊదినవ్ గద."

అలా ఒక బల్లకు ఇద్దరమయ్యాం. గాజు ఆమె చేతుల్లో, రబ్బరు గొట్టం నా నోట్లో. అయితే గాజు ఎప్పుడు అడుగుతుందో ఆమె వేళ్లకు తెలుసు, నాకు తెలియదు. ఆమె "ఊదు" అనేసరికి ఆలస్యం, "ఆపు" అనేసరికి ఇంకా ఆలస్యం. రెండు రోజులు పోట్లాడుకున్నాం. పక్క ఇళ్లవాళ్లు వచ్చి సర్దిచెప్పబోయారు కూడా.

మూడో రోజు బల్ల కింద నా పాదం మీద ఏదో పడింది. గోదావరి బొటనవేలు. నొక్కింది. ఊదాను. వేలు గట్టిగా నొక్కితే గట్టిగా ఊదాను, తేలిగ్గా ఆనిస్తే సన్నగా ఊదాను, ఎత్తేస్తే ఆపాను. మంటలోంచి గిన్నె గుండ్రంగా బయటికొచ్చింది. పదిహేడేళ్ల కాపురంలో ఆమె చెప్పినదాన్ని ఎదురు మాట లేకుండా నేను విన్నది బహుశా అదే మొదటిసారి.

మే నెలంతా అలా గడిచింది. పొద్దున ఇద్దరం బల్ల దగ్గర. మధ్యాహ్నం నేను ఆకు కత్తిరిస్తే ఆమె బీడీలు చుట్టేది. మిరుగుకు నాలుగు రోజుల ముందు నుంచి లెక్కకు వచ్చే గిలాసలు మొదలుపెట్టాం. కాక వాటిలో నీళ్లు పోసి, ఒకే కొలతకు ఒకే ఎత్తు వస్తోందా అని పుల్లతో చూసేవాడు. ఒకటి తీసి పక్కన పెట్టేశాడు, మాకు తేడా కనిపించనే లేదు. ముందు రోజు సాయంత్రానికి ఐదు నిలబడ్డాయి. గాజు గొట్టం ఇంకా రెండు గిలాసలకు సరిపోయేంతే మిగిలింది.

భివండీ ఆలోచన నేను వదిలిపెట్టలేదు. భివండీ ముంబై పక్కనే, ముంబై బండికి మిరుగు మరునాటి టికెట్ తీసి ఉంది. నల్ల సంచిలో రెండు జతల బట్టలు సర్ది గూటి కింద పెట్టాను. గోదావరి దాని పక్కనుంచి పోయినప్పుడల్లా కాలితో ఇంకొంచెం లోపలికి నెట్టేది.

*

మిరుగు నాడు ఉక్కపోత. మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. పది గంటలకల్లా టెంపో వచ్చి వాడా ముందు ఆగింది. ప్రథమేశ్ పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు. ఐదు గిలాసలనూ కళ్లకు దగ్గరగా పట్టి చూశాడు, బల్ల మీద బోర్లించి చూశాడు. ఛాన్ ఆహేత్, బాగున్నాయి అన్నాడు. తర్వాత ఐదేనా అన్నాడు.

"ఆరోది నీ ముందటనే చేస్తరు," అన్నాడు కాక.

కూర్చున్నాం. కిటికీలో శ్రావణి, గంగుబాయి, ఇంకా ఎవరెవరో. గోదావరి గొట్టాన్ని మంటలో పెట్టింది. వేలు ఆనింది, ఊదాను, నడుమ భాగం ఉబ్బింది. పిడి తెంపేసింది. ఇక అడుగు కాల్చి, ఊది గుండ్రం చేస్తే గిన్నె పూర్తి. అడుగు ఎర్రబడి వణుకుతోంది. మంట బయటికి తీసింది. నా పాదం మీద వేలు పడింది.

నేను ఆ క్షణాన సంచి గురించి ఆలోచిస్తున్నాను. గుంజాను.

అడుగు మొత్తం లోపలికి ముడుచుకుని గిన్నెలోకి దిగిపోయింది. కిటికీ దగ్గర ఎవరో "అయ్యయ్యో" అన్నారు. ప్రథమేశ్ మర్యాదగా మొహం తిప్పుకున్నాడు. నేను గొట్టం నోట్లోంచి తీసేశాను.

గోదావరి మాత్రం తిప్పడం ఆపలేదు. ఆ పాడైనదాన్ని అలాగే తిప్పుతూ, చల్లారనిస్తూ, పగలకుండా కాక చేతికిచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది. గులాబీ అద్దాల వెనక కళ్లు నాకు కనిపించలేదు.

"నీ నోట్ల ధోటా లేదు," అన్నది నెమ్మదిగా. "ఎదురుంగ నేనున్న."

మిగిలిన ముక్క తీసింది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి నేను గాజును చూడలేదు, మంటను చూడలేదు. కళ్లు మూసుకున్నాను. నా పాదం ఒక్కటే నాకు ఉంది, దాని మీద ఒక వేలు. ఆనింది, ఊదాను. నొక్కింది, ఇంకా ఊదాను. చాలాసేపు అలాగే ఉంది, నా ఊపిరి అడుగంటింది, అయినా ఊదుతూనే ఉన్నాను. వేలు లేచింది.

కళ్లు తెరిచేసరికి ఆమె కడ్డీ అతుకుతోంది. కాడ సాగింది, పీట చదునైంది, అంచు కరిగి నున్నబడింది. మెల్లగా చల్లారాలని సన్నని పొగ మంటలో మసి పట్టేదాకా తిప్పి గాజుదూదిలో పెట్టింది. చల్లారిన తర్వాత కాక దాన్ని తువ్వాలుతో తుడిచి, ఐదింటి పక్కన నిలబెట్టి, ఆరింటిలోనూ కొలిచి నీళ్లు పోశాడు. పుల్ల పెట్టి చూశాడు. తనకు సరిగ్గా కనిపించదని పుల్ల శ్రావణికిచ్చాడు. అది మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చూసింది.

"ఆరు ఒక్కటే ఉన్నయ్ తాతా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గంగుబాయి మాత్రం, "మరి ఆ నీళ్లు మాకియ్యున్రి, దాహమైతున్నది," అన్నది. అందరూ తలా ఇంత తాగారు.

ప్రథమేశ్ ఫోన్ తీశాడు. చేసిన కారీగర్ పేరు రాసుకోవాలన్నాడు. పెంటప్ప కాక నా వైపు చూశాడు. షరతు పెట్టినప్పుడు పిలిచింది నన్నే మరి.

"గోదావరి," అన్నాను.

"మరి మీరు?"

"నేను ఊదేటోన్ని."

ఖాళీ టెంపో వెళ్లిపోయింది. సాయంత్రం కాక బిడ్డ వచ్చింది, తొలి వాన కూడా వచ్చింది. కాక గొడుగు కింద నడుస్తూ గుమ్మంలో ఆగి, ఆ పాడైన ముక్కను తెమ్మన్నాడు. దాన్ని అలాగే చూసి, తలకిందులు చేసి, లోపలికి పోయిన ఆ గుంటను వానకు పట్టాడు. గుంటలో నీళ్లు నిలిచాయి. నీళ్ల చుట్టూ ఒక గోడ, దాని చుట్టూ ఖాళీ, ఆ ఖాళీ చుట్టూ ఇంకో గోడ.

"గిలాసల గిలాస," అన్నాడు. "ఇండ్ల వేడి చాయ్ వోసినా చెయ్యి కాలదు. అంబాదాసు, నువ్వు గుంజితే గుంజినవ్ గని, జర సక్కగ గుంజినవ్ రా." దాన్ని నా చేతిలో పెట్టి ఆటో ఎక్కాడు.

శ్రావణంలో, మా పద్మశాలీల పండగకు మార్కండేయుని రథం తిరిగిన రెండు రోజులకు, మేం పంపిన ఆ గిలాసల గిలాస ఫొటో చూసి ప్రథమేశ్ ఫోన్ చేశాడు. అలాంటివి ఆరు కావాలట. ఒక్క తీరువి. నల్ల సంచి అప్పటికే రెండుసార్లు పుణే పోయొచ్చింది. మా షెడ్డులో నేసిన ఆఖరి తువ్వాళ్లలో చుట్టిన కాడగిలాసలతో.

ఆ రోజు బల్ల దగ్గర గోదావరి కొత్త సైగ పెట్టింది. వేలు అయితే ఊదాలి, మడమ అయితే గుంజాలి. తప్పితే ఊరుకోనన్నది. మొదటిదాని అడుగు ఎర్రబడి వణికింది. మంట బయటికి తీసింది. నా పాదం మీద మడమ పడింది.

ఇరవై ఆరేళ్ల అనుభవం నాది. గుంజాను.